ధనుర్మాసంలో కొండ మెట్లు: కాళ్లు కాపాడుకునే తీరు, బెణికితే చేయాల్సింది

తిరుమలకు అలిపిరి దారిలో సుమారు 3,550 మెట్లు, 9 కిలోమీటర్లు. శ్రీవారి మెట్టు దారిలో మెట్లు 2,388 అయినా దూరం 2.1 కిలోమీటర్లే, అంటే దాదాపు అంతా ఎక్కుడే. ఆయాసం వస్తుందని అందరూ ఎక్కడానికే భయపడతారు. కాళ్లు ఎక్కువగా దెబ్బతినేది మాత్రం దిగేటప్పుడు. తొడ ముందు కండరం సాగుతూనే ఒంటి బరువును ఆపాలి. అడుగు వేసిన ప్రతిసారీ మోకాలి చిప్ప వెనక ఒంటి బరువుకు మూడు నాలుగు రెట్ల ఒత్తిడి పడుతుంది. మర్నాడు, ఆ మర్నాడు కూర్చుంటే లేవలేకపోవడం అందుకే. మోకాళ్ల అరుగుదల ఉన్నవారు నడిచి ఎక్కండి, బస్సులో దిగండి. దిగకపోతే మొక్కు తీరదని ఎవరూ అనరు.

వైకుంఠ ఏకాదశికి కొండెక్కాలనుకుంటే నెల ముందు నుంచే కాళ్లను సిద్ధం చేయండి. వారానికి మూడు రోజులు చాలు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం పన్నెండు సార్లు, గోడ పట్టుకుని మునివేళ్ల మీద లేచి మెల్లగా మడమ దించడం పన్నెండు సార్లు. మూడోది అన్నిటికన్నా ముఖ్యం: ఇంటి మెట్టు మీద ఒంటికాలితో నిలబడి, రెండో కాలిని మూడు అంకెలు లెక్కపెడుతూ కిందికి దించి, మడమ నేలకు తాకగానే పైకి తీయాలి. కాలికి పది సార్లు. మోకాలు లోపలికి వంగిపోకుండా కాలి రెండో వేలికి నేరుగా ఉండాలి. మూడింటినీ మూడు విడతలుగా చేయండి. రోజూ చదును నేల మీద గంట నడిచినా ఈ దిగే పనికి కండరం అలవాటు పడదు.

ఆ రోజు తెల్లవారుజామున పాదాల మండపం దగ్గర చలికి బిగుసుకుపోయిన పిక్కలతో ఒక్కసారిగా మెట్లు అందుకోవద్దు. పది నిమిషాలు చదునుగా నడిచి ఒళ్లు వేడెక్కాక మొదలుపెట్టండి. గాలి గోపురం దాకా రెండు వేల పైచిలుకు మెట్లు వరసగా ఉంటాయి, తొందర అక్కడే కొంప ముంచుతుంది. మెట్టు మీద మునివేళ్లు మాత్రమే ఆనిస్తే బరువంతా పిక్క మీద పడి పట్టేస్తుంది. పాదం మొత్తం ఆనించాలి.

చెప్పుల్లేని కాలికి మెట్టు ఎలా ఉందో చూసుకోవడం అవసరం. భక్తులు పసుపు రాసి, కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగిస్తారు. దాని మీద మంచు పడితే పసుపు పలచటి బురదలా మారి జారుతుంది. అలాంటి మెట్టు మీద బొట్టు లేని చోట, కమ్మీ వైపు కాలు పెట్టండి. పైకప్పు లేని చోట చెట్ల కింది బండలూ అంతే. తడిసిన సాక్సులతో మాత్రం నడవొద్దు, ఒట్టి కాలికన్నా ఎక్కువ జారతాయి.

చలికి మడమలు పగిలినవారు వారం ముందు నుంచే రాత్రిపూట గోరువెచ్చటి నీళ్లతో కడిగి, తుడిచి, వాజలీను రాయండి. షుగరుతో అరికాళ్లకు స్పర్శ తగ్గినవారు ఒట్టికాళ్లతో ఎక్కకపోవడమే మంచిది. రాయి గుచ్చుకున్నా తెలియదు, పుండయ్యాక తెలుస్తుంది.

మోకాళ్ల పర్వతం దగ్గర మోకాళ్లతో ఎక్కితే చిప్ప ముందుండే పల్చటి సంచి నలిగి, మర్నాటికి నిమ్మకాయలా ఉబ్బవచ్చు. అరుగుదల ఉన్నవారు ఒక మెట్టుకు మోకాలు తాకించి దండం పెట్టుకుని లేవండి.

పిక్క పట్టేస్తే కూర్చుని, కాలు చాపి, వేళ్లను ముఖం వైపుకు లాగి అర నిమిషం పట్టుకోండి. ఠప్‌మని ఎవరో వెనక నుంచి కొట్టినట్టు అనిపించి నొప్పి మొదలైతే అది పట్టేయడం కాదు, కండరం చిట్లి ఉండొచ్చు. దాన్ని సాగదీయవద్దు.

ఇక మడమ మడతపడడం. పాదం లోపలికి తిరిగిపోయి, చీలమండకు బయటివైపు ముందున్న లిగమెంటు, అంటే ఎముకలను కలిపి పట్టే పట్టీ, సాగుతుంది లేదా తెగుతుంది. వెంటనే కూర్చోబెట్టండి. ఐసును గుడ్డలో చుట్టి 15 నుంచి 20 నిమిషాలు పెట్టి తీసేయాలి, మళ్లీ రెండు మూడు గంటలకు. గుడ్డ లేకుండా పెడితే చర్మం కాలుతుంది.

కట్టుకు 10 సెంటీమీటర్ల వెడల్పు క్రేప్ బ్యాండేజీ కావాలి. పాదాన్ని కాలికి మూలమట్టంగా నిలిపి, వేళ్ల మొదట్లో రెండు చుట్లు వేయండి. తర్వాత పాదం కింద నుంచి బయటివైపుకు లాగుతూ, చీలమండ వెనకగా తిప్పి, మళ్లీ పాదం మీదకు తేవాలి. చుట్టు మీద చుట్టు సగం పడుతూ, చీలమండకు బెత్తెడు పైన ముగించాలి. వేళ్లు బయటే ఉండాలి. గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో ఎరుపు తిరిగిరావాలి. రాకపోయినా, వేళ్లు తిమ్మిరెక్కినా విప్పి వదులుగా కట్టండి. పడుకున్నప్పుడు విప్పేసి, కాలు గుండెకన్నా ఎత్తులో ఉండేలా దిండ్లు పెట్టండి.

మొదటి రెండు రోజులు కాపడం, వేడి చింతపండు పట్టు, గట్టిగా తోమి మర్దన చేయడం వద్దు. చిట్లిన రక్తనాళాలు వేడికి ఇంకా కారి వాపు పెరుగుతుంది. పట్టు వేయాలనుకుంటే మూడో రోజు తర్వాత, గాయం లేని చర్మం మీదే. నొప్పికి పెద్దలు పారాసిటమాల్ 500 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి లేదా రెండు, ఆరు గంటల ఎడంతో వేసుకోవచ్చు. కాలేయ జబ్బు ఉంటే డాక్టరును అడిగాకే.

ఎముక విరిగిందా అన్న అనుమానం తీర్చుకోవడానికి రెండు పరీక్షలు. పడిన వెంటనే గానీ తర్వాత గానీ, కుంటుతూ అయినా నాలుగు అడుగులు వేయలేకపోవడం ఒకటి. చీలమండ ఎముకల కొనల నుంచి పైకి నాలుగు వేళ్ల మేర వెనక అంచును, పాదం బయటి అంచు మధ్యలో ఉబ్బెత్తుగా తగిలే ఎముకను, లోపలివైపు చీలమండకు ముందున్న ఎముకను నొక్కితే నొప్పి పెట్టడం రెండోది. ఏది ఉన్నా ఎక్స్‌రే తీయించండి. కొండ మీద అశ్విని ఆసుపత్రి ఉంది. కింద తిరుపతిలో రుయా, బర్డ్ ఉన్నాయి. మోయాల్సి వస్తే 108.

మన వైపు కాలు విరిగిందంటే ముందు పుత్తూరు కట్టు గుర్తొస్తుంది. అక్కడికే వెళ్లాలనుకున్నా ముందు ఎక్స్‌రే తీయించుకోండి. ఎముక చర్మం చీల్చుకుని వచ్చినా, కీలు వంకర తిరిగినా, వేళ్లు చల్లబడినా నేరుగా ఆసుపత్రికే. ఏ కట్టయినా కట్టాక వేళ్లు నల్లబడితే, కదిపితే భరించలేనంత నొప్పి వస్తే, ఆ రాత్రి తెల్లారనీయకుండా విప్పించాలి.

ఇంకో రెండు చూసుకోండి. ఒళ్లునొప్పులతో పాటు మూత్రం డికాక్షన్ రంగులో వస్తే కండరం కరిగి మూత్రపిండాలకు చేటు చేస్తోందని అర్థం. దూరం నుంచి బస్సులో వచ్చినవారికి ఒకే పిక్క వాచి వేడిగా ఉంటే లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. దాన్ని పిసకవద్దు, ఆయాసం కూడా ఉంటే అత్యవసరం. రెండింటికీ ఆ రోజే డాక్టరు కావాలి.

బెణుకు తగ్గడం మొదలయ్యాక, మూడో రోజు నుంచి బొటనవేలితో గాలిలో అక్షరాలు దిద్దండి, అ నుంచి ఱ దాకా, రోజుకు మూడు సార్లు. మన గుండ్రటి అక్షరాలకు చీలమండ అన్ని వైపులా తిరుగుతుంది. వారం తర్వాత ఒంటికాలి మీద అర నిమిషం నిలబడడం, అది కుదిరాక కళ్లు మూసుకుని. నొప్పి పోయింది కదా అని ఇది మానేస్తే నిలకడ తిరిగి రాదు, అదే మడమ మళ్లీ మళ్లీ మడతపడుతుంది. దెబ్బ తగిలిన కాలి మీద పదిసార్లు నొప్పి లేకుండా కుంటిగంతులు వేయగలిగాకే మళ్లీ మెట్లెక్కండి.