నడిచే ప్రోగ్రాంలో లువా – 3వ పాఠం: స్క్రిప్ట్‌ను రేటు అడగడం

పోయిన పాఠంలో మన సీ ప్రోగ్రాంలోకి లువా అనే చిన్న స్క్రిప్టింగ్ భాషను ఎక్కించి, ఒక స్క్రిప్ట్ ఫైలు నడిపించాం. ఈసారి ఆ ఫైలులో ఉన్న ఫంక్షన్‌ను మనమే పిలిచి జవాబు తెచ్చుకుందాం.

ఉదాహరణ నెల్లూరుదే. ఇందుకూరుపేట వైపు రొయ్యలు కొనే ఒకాయనకు బిల్లింగ్ ప్రోగ్రాం రాశాను. రొయ్యల ధర కౌంటును బట్టి ఉంటుంది. కిలోకు 40 తూగితే నలభై కౌంటు, 100 తూగితే వంద కౌంటు. సంఖ్య పెరిగేకొద్దీ రేటు తగ్గుతుంది. మొదట్లో ఈ రేట్లన్నీ సీ కోడ్‌లోనే రాసేశాను. నాలుగో రోజుకే ఫోన్: "ఏందబ్బయా, రేటు మారినప్పుడల్లా నువ్వు రావాల్సిందేనా?"

రేట్లు మాత్రమే మారేటట్టయితే ఒక మామూలు టెక్స్ట్ ఫైలు చాలు, లువా దండగ. కానీ ఆయన నియమాలే మారుస్తాడు. గుల్ల మెత్తగా ఉంటే కోత, ఐస్ ఎవరిదన్నదాన్ని బట్టి ఇంకో లెక్క. అందుకే స్క్రిప్ట్.

సీకి, లువాకి మధ్య మాటలన్నీ స్టాక్ మీదుగానే నడుస్తాయి. రొయ్యల ట్రేలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఊహించుకోండి. అడుగున ఉన్నది 1, అన్నిటికన్నా పైది -1. ముందుగా గెట్‌గ్లోబల్‌తో రేటు ఫంక్షన్‌ను స్టాక్ మీద పెట్టండి. దాని మీద పుష్‌ఇంటిజర్‌తో కౌంటు పెట్టండి. ఈ వరస తిరగబడకూడదు. తర్వాత ఆ ఫంక్షన్‌ను పిలిచే పీకాల్ (పీకాలి కాదు!). దానికి 1, 1, 0 ఇవ్వండి: ఒక ఇన్‌పుట్, ఒక జవాబు, తప్పులు చూసుకునే ఫంక్షన్ వేరే ఏదీ లేదు అని. పిలుపు అయ్యాక ఫంక్షన్, కౌంటు రెండూ పోయి జవాబు ఒక్కటే పైన మిగులుతుంది. ఈ పేర్లన్నిటికీ ముందు లువా, అండర్‌స్కోర్ ఉంటాయి. చదవడానికి అడ్డమని ఇక్కడ వదిలేశాను.

కాల్ అనే ఇంకో ఫంక్షన్ కూడా ఉంది. రాయడం తేలికని నేను మొదట అదే వాడాను. ఒక తెల్లవారుజామున రొయ్యల పట్టుబడి జరుగుతోంది, కాటా దగ్గర బండ్లు నిలబడి ఉన్నాయి. అప్పుడే ఎవరో స్క్రిప్ట్ సరిచేస్తూ ఒక పేరులో అక్షరం తప్పు కొట్టారు. లువాలో లేని పేరు అడిగితే నిల్ (ఏమీ లేదు అని) వస్తుంది, నిల్‌తో తీసివేత లెక్క చేయబోతే ఎర్రర్. కాల్‌తో పిలిచినప్పుడు వచ్చే ఎర్రర్‌ను ఆపే కాపలా ఎక్కడా లేకపోతే ప్రోగ్రాం మొత్తం ఆగిపోతుంది. ఆగిపోయింది. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తే. పీకాల్ అయితే సున్నా కాని సంఖ్య తిరిగిచ్చి, తప్పేంటో చెప్పే వాక్యాన్ని స్టాక్ పైన పెడుతుంది. సాధారణంగా అందులో ఫైలు పేరు, లైన్ నంబర్ కూడా ఉంటాయి. దాన్ని తెర మీద చూపించి, నిన్నటి స్క్రిప్ట్‌తో పని సాగించవచ్చు.

ఇంతకన్నా నాకు భయం సున్నా అంటేనే. 150 కౌంటుకు స్క్రిప్ట్‌లో ఏ నియమమూ లేదనుకోండి, ఫంక్షన్ నిల్ ఇస్తుంది. దాన్ని టునంబర్‌తో చదివితే 0 వస్తుంది. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. రైతు చేతికి సున్నా రూపాయల బిల్లు! కాబట్టి చదివే ముందు అది సంఖ్యేనా అని ఈజ్‌నంబర్‌తో చూడండి. జవాబు తీసుకున్నాక పాప్ చేయడం, అంటే పై ట్రే తీసేయడం, మరవద్దు. ఎర్రర్ వాక్యాన్ని కూడా పాప్ చేయాలి. స్టాక్‌లో లువా ముందుగా హామీ ఇచ్చేది 20 చోట్లకే. ట్రేలు తీయకుండా పేర్చుకుంటూ పోతే ఎక్కడ కూలుతుందో తెలియదు.

ఇంకో మాట. లైబ్రరీలన్నీ ఒకేసారి తెరిచే ఓపెన్‌లిబ్స్‌ను నేర్చుకునేటప్పుడు వాడాం. వ్యాపారి కంప్యూటర్‌లో వద్దు. ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) లైబ్రరీ చేతికిస్తే స్క్రిప్ట్ ఫైళ్లను చెరిపేయగలదు.

అభ్యాసం: కావాలనే ఒక పేరు తప్పు కొట్టి, ఎర్రర్ వాక్యాన్ని తెర మీద చూపించండి. తర్వాత 150 కౌంటు ఇచ్చి, బిల్లు రాకుండా ఆపండి. రెండు సందర్భాల్లోనూ గెట్‌గ్లోబల్‌కు ముందు, చివర పాప్ అయ్యాక గెట్‌టాప్ విలువ (స్టాక్‌లో ఎన్ని ఉన్నాయో చెప్పేది) ఒకటేనా చూడండి. తేడా వస్తే పాప్ ఎక్కడో మరిచారు.