లిఫ్టులో అంకెలు, పిండిలో గీతలు: ఇంట్లో చైనీస్

మేం ఉండేది సింగపూర్‌లో. నాలుగేళ్ల మా పాప ప్రీస్కూల్లో మాండరిన్ చైనీస్ నేర్చుకుంటోంది. ఇంట్లో మాట్లాడేది తెలుగే. మీదీ ఇదే పరిస్థితి అయితే టెన్షన్ పడకండి, లిఫ్టుతో మొదలుపెట్టండి.

మాండరిన్‌లో పదకొండు అంటే పది-ఒకటి, ఇరవై అంటే రెండు-పది. పది దాకా వస్తే చాలు, 99 వరకూ పిల్లలే అల్లేసుకుంటారు. లిఫ్టు ఎక్కినప్పుడల్లా అంతస్తు నంబరు చెప్పించండి. చైనాలో పది దాకా ఒక్క చేత్తోనే చూపిస్తారు. ఆరుకి బొటనవేలు, చిటికెనవేలు చాపి మిగతావి ముడుస్తారు. మీరు చూపిస్తే పాప చెప్పాలి, పాప చూపిస్తే మీరు చెప్పాలి.

అన్నిటికన్నా ముఖ్యంగా పట్టించుకోవాల్సింది నాలుగు స్వరాలు (టోన్లు), అంటే మాట పలికేటప్పుడు గొంతు ఎత్తుపల్లాలు. స్వరం మారితే అర్థమే మారిపోతుంది. బొమ్మకారుతో గాల్లో గీయించండి: మొదటిది పైన సమంగా, రెండోది ఎక్కుతూ, మూడోది దిగి లేస్తూ, నాలుగోది టక్కున కిందికి.

చైనీస్ మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పద్ధతి పిన్‌యిన్. అందులో 'బి' అక్షరం పలికేది మన 'ప'కి దగ్గరగా ఉంటుంది. 'పి' అక్షరమైతే గాలి వదులుతూ ఒత్తి పలకాలి. నోటి ముందు అరచేయి పెట్టి గాలి తగిలిందో లేదో చూడటం మా పాపకి మహా ఇష్టం.

రాతకి పళ్లెంలో బియ్యప్పిండి పరవండి. ఒకటికి ఒక అడ్డగీత, రెండుకి రెండు, మూడుకి మూడు. పైనుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి. ఆట మధ్యలో తప్పు దిద్దకండి, సరైన మాట మీరే ఒకసారి పలికి ముందుకెళ్లండి.