వైఫై సింక్ – మూడో పాఠం: పక్క గదిలోని కంప్యూటర్ ఫోనుకు కనబడకపోతే

గత పాఠంలో ఫోన్లోనూ విండోస్ కంప్యూటర్లోనూ సింక్‌థింగ్ (రెండు పరికరాల్లోని ఫైళ్లను ఒకేలా ఉంచే యాప్) పెట్టి ఫోటోల ఫోల్డర్ జత చేశాం. ఇప్పుడు కంప్యూటర్లో సింక్‌థింగ్ తెరిచి, ఫోన్ పేరు మీద నొక్కి, కనెక్షన్ రకం దగ్గర ఏముందో చూడండి. 'లాన్' (ఇంటి లోపలి నెట్‌వర్క్) అని ఉంటే ఈ పాఠంతో మీకు పని లేదు. 'రిలే' అని ఉంటే మాత్రం, మీ ఫోటోలు పక్క గదికి చేరడానికి ఎక్కడో ఉన్న సర్వర్ దాకా వెళ్లి తిరిగొస్తున్నాయి. అందుకే అంత ఆలస్యం. తుఫాను గాలికి ఇంటర్నెట్ కేబుల్ తెగితే అదీ ఆగిపోతుంది. ఒకే ఇంట్లో ఉన్న రెండు పరికరాలకు ఇంటర్నెట్ అవసరమే ఉండకూడదు.

యాప్ తీసేసి మళ్లీ పెట్టకండి. జతలు పోతాయి గానీ జబ్బు పోదు.

ముందు రెండు పరికరాల ఐపీ అడ్రసులు (నెట్‌వర్క్‌లో వాటి నంబర్లు) కాగితం మీద రాసుకోండి. కంప్యూటర్లో సీఎండీ (cmd, ఆదేశాలు టైపు చేసే కిటికీ) తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొడితే 'ఐపీవీ4 అడ్రస్' వరుస కనిపిస్తుంది. ఫోన్లో వైఫై వివరాల్లో ఉంటుంది. 192.168.1.15, 192.168.1.19 లాగా మొదటి మూడు భాగాలు కలవాలి. 169.254తో మొదలైతే రౌటర్ అడ్రస్ ఇవ్వలేదని అర్థం. వైఫై ఆపి మళ్లీ కలపండి.

ఒకటి 192.168.1, రెండోది 192.168.0 అయితే అసలు దొంగ దొరికినట్టే. అమలాపురమైనా, భీమవరమైనా మేడ ఉన్న ఇంట్లో ఇది మామూలే. ఫైబర్ బాక్సు కింద హాల్లో ఉంటుంది; స్లాబు దాటి సిగ్నల్ రాదని పైన ఇంకో రౌటర్ తగిలిస్తారు. కేబుల్ దాని వ్యాన్ (WAN, బయటి ఇంటర్నెట్ వైపు) పోర్టులో పెడితే మేడ మీద వేరే నెట్‌వర్క్ పుడుతుంది. పరికరాలు ఒకదాన్నొకటి వెతుక్కుంటూ పంపే పిలుపు ఆ రౌటర్ దాటదు. పైగా దారి ఒకవైపే: మేడ మీది ఫోన్ కింది కంప్యూటర్‌ను అందుకోగలదు, కంప్యూటర్ తనంతట తాను ఫోన్‌ను అందుకోలేదు.

పై రౌటర్‌లో 'యాక్సెస్ పాయింట్ మోడ్' (వేరే నెట్‌వర్క్ పుట్టించకుండా వైఫై మాత్రమే ఇచ్చే పద్ధతి) ఉంటే అదే ఎంచుకోండి. లేకపోతే ముందు వ్యాన్ కేబుల్ పీకేయండి; అది ఉండగా కొన్ని రౌటర్లు అడ్రస్ మార్చనివ్వవు. కింది బాక్సు 192.168.1.1 అయితే పై రౌటర్ లాన్ అడ్రస్‌ను 192.168.1.2 చేసి, దానిలో డీహెచ్‌సీపీ (పరికరాలకు అడ్రసులు పంచే పని) ఆపండి. ఆ తర్వాతే కేబుల్‌ను లాన్ పోర్టులో పెట్టండి. డీహెచ్‌సీపీ ఆపడం మరిచారా, రెండు పెట్టెలూ అడ్రసులు పంచి ఇల్లంతా నెట్ తికమక చేస్తాయి. కింది బాక్సు పంచే అడ్రసులు 192.168.1.10 నుంచి మొదలయ్యేలా పెడితే 1.2 ఇంకో పరికరానికి పోదు.

అడ్రసులు కలిసినా రిలేనే చూపిస్తోందా? ఫోన్ స్క్రీన్ వెలిగించి ఉంచి, కంప్యూటర్ సీఎండీలో ping అని, పక్కన ఫోన్ అడ్రస్ కొట్టండి (ఫోన్ పలుకుతుందో లేదో చూసే పిలుపు ఇది). జవాబు రాకపోతే ఫోన్ 'గెస్ట్' వైఫైలో ఉందేమో, రౌటర్‌లో 'ఏపీ ఐసోలేషన్' (వైఫైలోని పరికరాలను ఒకదానికొకటి కనబడనివ్వని సెట్టింగ్) టిక్ ఉందేమో చూడండి. ఫోన్లో వీపీఎన్ ఉంటే ఆపండి. జవాబు వస్తుంటే అడ్డుపడేది ఎక్కువగా విండోస్ ఫైర్‌వాలే (బయటి నుంచి వచ్చే కనెక్షన్లను ఆపే కాపలా). నెట్‌వర్క్‌ను 'పబ్లిక్' నుంచి 'ప్రైవేట్'కు మార్చి, సింక్‌థింగ్ వాడే పోర్టులు (కనెక్షన్ ద్వారాలు) టీసీపీ 22000, యూడీపీ 22000, యూడీపీ 21027 ఫైర్‌వాల్‌లో లోపలికి రానివ్వండి.

సాధన: కంప్యూటర్లో సింక్‌థింగ్ సెట్టింగ్స్, కనెక్షన్స్‌లోకి వెళ్లి 'ఎనేబుల్ రిలేయింగ్' టిక్ తీసి, సింక్‌థింగ్‌ను రీస్టార్ట్ చేసి, ఫోన్లో ఒక ఫోటో తీయండి. అది కంప్యూటర్లోకి వచ్చి, కనెక్షన్ 'లాన్' అని చూపితే పని అయినట్టే. ఊళ్లో లేనప్పుడూ సింక్ కావాలంటే టిక్ మళ్లీ పెట్టుకోండి.

వచ్చే పాఠం: ఒకే ఫైలును రెండు చోట్లా మార్చినప్పుడు పుట్టే 'సింక్-కాన్‌ఫ్లిక్ట్' ప్రతులు.