కాశిమేడు రేవులో పూడికపై అర్జీ: ముందు లోతు కొలవండి, తర్వాత ఆఫీసు వెతకండి

చెన్నైలోని కాశిమేడు చేపల రేవులో బోటు అడుగు పూడికకు తట్టిందంటే ఎవరికి చెప్పాలన్నదే మొదటి చిక్కు. మేజర్ పోర్టులు కేంద్రానివి, చిన్న రేవులు రాష్ట్ర మారిటైమ్ బోర్డువి, చేపల వేట రాష్ట్ర మత్స్యశాఖది. 2021 మేజర్ పోర్టు అథారిటీల చట్టంతో పోర్టు వాడకానికి రేట్లు నిర్ణయించే అధికారం పోర్టు బోర్డుకే వచ్చింది. ఆ బోర్డులో రాష్ట్రానికి ఒక సీటు, పోర్టు ఉద్యోగులకు కనీసం రెండు ఇచ్చారు. వేటగాళ్లకని ఒక్కటీ పెట్టలేదు, ఇది అన్యాయమే. అందుకే మన మాట కాగితం మీద గట్టిగా ఉండాలి.

రెండు మూడు కిలోల సీసపు గుండుకు నైలాన్ తాడు కట్టండి. తాడును ముందు నానబెట్టి, బరువు వేలాడదీసి, అప్పుడే అర మీటరుకో ముడి వేయండి. పొడి తాడుకు ముడులు వేస్తే తడిసి బరువు పడ్డాక పొడవు మారి లెక్క తప్పుతుంది. మెత్తటి బురదలో గుండు దిగబడిపోయి, లేని లోతు చూపిస్తుంది. గుండు కింద అరచేతంత రేకు బిళ్ల బిగిస్తే ఆ తప్పు తగ్గుతుంది. చెన్నైలో పోటుకీ పాటుకీ దాదాపు మీటరు తేడా రావచ్చు కాబట్టి పాటు అడుగంటిన వేళే కొలవాలి. పోటు మీద తీసిన కొలతను ఆఫీసులో ఒక్క మాటతో కొట్టిపారేస్తారు. ఒకే చోట వారం రోజులు కొలిచి తేదీ, వేళ, ఫోన్‌లోని జీపీఎస్ అంకెలు రాసుకోండి. ఐసు, డీజిల్ నిండా ఎక్కించాక అమరం (వెనక భాగం) దగ్గర బోటు ఎంత లోతు మునుగుతుందో కూడా కొలిచి పక్కనే రాయండి.

ఇక పూడికతీత ఏ ఆఫీసు బాధ్యతో తేల్చుకోడానికి పోర్టుకూ మత్స్యశాఖకూ సమాచార హక్కు దరఖాస్తు. ‘పూడిక ఎందుకు తీయలేదు’ అని రాయకండి, కారణం చెప్పే బాధ్యత వాళ్లకు లేదు. పూడికతీత హద్దుల మ్యాపు, నిర్వహణ ఒప్పందం, చివరి లోతు సర్వే నకళ్లు అడగండి. పోర్టుకైతే 10 రూపాయల పోస్టల్ ఆర్డర్ జతచేయాలి. మత్స్యశాఖకు 10 రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అతికిస్తే చాలు. అదే స్టాంపు పోర్టుకు పెడితే దరఖాస్తు వెనక్కి వస్తుంది. తెలుగులో రాస్తే తీసుకోరు, ఇంగ్లీషులోనో తమిళంలోనో రాయించండి. వేరే ఆఫీసుకు వెళ్లినా, 5 రోజుల్లో సరైన చోటికి బదిలీ చేయాల్సింది వాళ్లే. 30 రోజుల్లో జవాబు రాకపోతే, గడువు ముగిశాక మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయాలి.

ఒప్పందం నకలు చేతికొచ్చాక, అందులో పూడికతీత ఎవరి పేర ఉందో ఆ ఆఫీసుకే కొలతల పట్టీతో అర్జీ ఇచ్చి, రెండో ఆఫీసుకు నకలు పంపండి. రెండింటికీ రసీదు ముద్ర వేయించుకోండి.