పాతికేళ్ల తర్వాత కాలేజీ బ్యాచ్ మళ్లీ కలవాలంటే ఏం చేయాలి?

"ఒకసారి అందరం కలుద్దాం రా" అని ఏళ్ల తరబడి అనుకుంటూ ఉండిపోయే బ్యాచ్‌లు ప్రతి కాలేజీలోనూ ఉంటాయి. మనసు అందరికీ ఉంటుంది. తేదీ పెట్టేవాళ్లు, కూర్చుని ఫోన్లు చేసేవాళ్లే ఉండరు. చివరికి ఎవరో పూనుకుని ఆత్మీయ సమ్మేళనం పెట్టినా, రోజంతా స్టేజీ మీద ప్రసంగాలతో, శాలువాలతో గడిచిపోతుంది. ఇంటికెళ్లాక గుర్తుండేది మాత్రం పాత బెంచీ మేట్ పక్కన కూర్చుని మాట్లాడుకున్న ఆ గంటా రెండు గంటలే. మిగతా ఏర్పాట్లన్నీ ఆ తీరిక దొరకడం కోసమే అనుకుని మొదలుపెట్టండి.

ఇక్కడి లెక్కలు 60 మంది దాకా వచ్చే ఒక డిగ్రీ బ్యాచ్‌కి సరిపోయేలా చెప్పినవి. పాలిటెక్నిక్, బీఈడీ, ఇంజనీరింగ్ బ్యాచ్‌లకూ పద్ధతి ఇదే. పని కనీసం ఆరు నెలల ముందు మొదలవ్వాలి.

ముందు ఐదుగురు దొరకాలి

పదిహేను మందితో కమిటీ వేస్తే పని ఎవరిదీ కాకుండా పోతుంది. ఐదుగురు చాలు. ఒకరు కాలేజీ ఉన్న ఊళ్లోనే ఉండాలి, హాలు చూడటానికి, ప్రిన్సిపాల్‌ని కలవడానికి. ఒకరు డబ్బు లెక్కలు చూసేవాళ్లు. ఒకరు హాస్టల్లో ఉండి చదివినవాళ్లు, ఇంకొకరు రోజూ బస్సు పాసుతో పల్లె నుంచి వచ్చి వెళ్లినవాళ్లు. ఈ రెండు గుంపుల స్నేహాలు వేరు, ఒకరికి తెలిసినవాళ్లు ఇంకొకరికి తెలియరు. ఐదుగురిలో ఇద్దరైనా ఆడవాళ్లు ఉండాలి. ఆడవాళ్ల నంబర్లు ఆడవాళ్ల ద్వారానే దొరుకుతాయి. వెళ్లేది ఎవరెవరితో, ఎన్నింటికల్లా ఇంటికి చేరొచ్చు అనే ధైర్యం కూడా వాళ్లు చెబితేనే కుదురుతుంది.

తప్పిపోయినవాళ్లను వెతకడం

మొదట ఫైనలియర్ గ్రూప్ ఫొటో సంపాదించండి. అట్టకి అంటించి, కింద వరసల వారీగా పేర్లు అచ్చు వేయించి ఇచ్చేవాళ్లు కదా, అదే. "కూర్చున్నవారు, ఎడమ నుంచి కుడికి" అని మొదలయ్యే ఆ చిన్న అక్షరాల్లో ఇనీషియల్‌తో సహా పేర్లుంటాయి. మీ దగ్గరున్నది చెదలు తినేసినా ఎవరో ఒకరి ఇంట్లో అటక మీద ఇంకో కాపీ ఉంటుంది. ఫొటో రోజున రానివాళ్ల పేర్ల కోసం కాలేజీ ఆఫీసుకి ప్రిన్సిపాల్ పేరున ఉత్తరం రాసి, అడ్మిషన్ రిజిస్టర్ చూసి పేర్ల వరకు రాసుకుంటామని అడగండి.

పేర్లన్నీ ఒక షీట్‌లో వేసి నాలుగు గడులు పెట్టండి: రోల్ నంబరు, కాలేజీలో పిలిచిన పేరు, అప్పటి సొంతూరు, ఇప్పుడు ఎవరికి తెలిసి ఉండొచ్చు. ఆ నాలుగో గడే అసలు ఆధారం.

ఫేస్‌బుక్‌లో వెతికేటప్పుడు మన పేర్లతో ఒక చిక్కుంది. కాలేజీలో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా ముందుండేది. ఇప్పుడు అదే పూర్తి ఇంటిపేరై చివర చేరి ఉంటుంది. ఆడవాళ్ల ఇంటిపేరు పెళ్లయ్యాక మారి ఉండొచ్చు. అందుకే పేరుతో దొరకనివాళ్లను ఊరితో వెతకాలి. స్లామ్‌బుక్కులో, ఆటోగ్రాఫ్ పుస్తకంలో రాసిన పర్మనెంట్ అడ్రస్ చూడండి. ల్యాండ్‌లైన్ నంబర్లు పోయాయి. జిల్లా పేరు కూడా మారి ఉండొచ్చు, తెలంగాణలో 2016లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో కొత్త జిల్లాలు వచ్చాయి. ఊరి పేరుంటే చాలు. ఆ ఊళ్లో కిరాణా కొట్టు, పాలకేంద్రం, రేషన్ డీలరు, ఆర్ఎంపీ డాక్టరు, వీళ్లలో ఒకరిని పట్టుకోండి. "ఫలానా వారమ్మాయి, మాతో డిగ్రీ చదివింది" అంటే సాయంత్రానికి కబురు అందుతుంది. నంబరు ఇవ్వమని ఒత్తిడి చేయకండి. మీ నంబరే ఇచ్చి, వీలైతే ఫోన్ చేయమని చెప్పి రండి.

ఎవరైనా చనిపోయారని వినిపిస్తే గ్రూపులో వెంటనే పెట్టకండి. ఒకే పేరున్నవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉంటారు. ఇంట్లోవాళ్లతో నేరుగా మాట్లాడి నిర్ధారించుకున్నాకే చెప్పండి.

వాట్సాప్ మెసేజీ పిలుపు కాదు

గ్రూపు పెట్టి "అందరూ తప్పక రావాలి" అని రాస్తే బాగా స్థిరపడినవాళ్లు ముందు స్పందిస్తారు. ఉద్యోగం సరిగా కుదరనివాళ్లు, అప్పుల్లో ఉన్నవాళ్లు, భర్తనో భార్యనో పోగొట్టుకున్నవాళ్లు చూసి ఊరుకుంటారు. వాళ్లు రాకపోతే ఆ బ్యాచ్ మొత్తం కలిసినట్టు కాదు. అలాంటివాళ్లకి అప్పట్లో బాగా దగ్గరైన ఒకరి చేత ఫోన్ చేయించండి. "ఇప్పుడేం చేస్తున్నావ్" అని మొదలుపెట్టకూడదు. "ఆ రోజు లెక్కల పరీక్షకి నీ దగ్గరే పెన్ను తీసుకున్నా" అని మొదలుపెడితే ఫోన్ అరగంట నడుస్తుంది. "నేనూ అదే బస్సుకొస్తున్నా, కలిసి వెళ్దాం" అన్నమాట చాలామందిని కదిలిస్తుంది.

గ్రూపులు రెండుంటే మంచిది. ఒకటి కబుర్లకి. రెండోది అడ్మిన్లు మాత్రమే రాసేది, తేదీ, చోటు, డబ్బు వివరాలకి. ఒక్కటే ఉంటే తేదీ చెప్పిన మెసేజీ గుడ్ మార్నింగ్ పూల బొమ్మల కింద కూరుకుపోతుంది.

తేదీ

అమెరికాలో ఉన్నవాళ్లు రావాలంటే డిసెంబరు చివరి ఆదివారం అనుకూలం. అది ధనుర్మాసం, పెళ్లిళ్లు ఉండవు కాబట్టి ఫంక్షన్ హాళ్లు ఖాళీగా ఉంటాయి, అద్దె దగ్గర బేరం కుదురుతుంది. అందరూ ఇక్కడివాళ్లే అయితే ఆషాఢం కూడా అంతే. సంక్రాంతికి ఎలాగూ ఊరొస్తారని ఆ మూడు రోజుల్లో పెడితే భోగినాడు, పండగనాడు ఇంట్లోంచి ఎవరూ కదల్లేరు, ఆడవాళ్లు అసలే రాలేరు. కనుమ మర్నాటికి సగం మంది తిరుగు ప్రయాణంలో ఉంటారు. మార్చిలో పిల్లలకి టెన్త్, ఇంటర్ పరీక్షలు. మేలో ఎండ.

రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుచుకుంటుంది. అంతకు ముందే, కనీసం 90 రోజుల ముందు తేదీ ఖాయం చేసి, ఇక మార్చకండి. ఒక్కరి కోసం తేదీ జరిపితే టికెట్లు తీసుకున్న పదిమంది పోతారు.

డబ్బు

మనిషికి రూ.1,500 చొప్పున 60 మందికి రూ.90,000 అనుకుందాం. ఒక మోస్తరు పట్టణంలో దాన్ని ఇలా సర్దవచ్చు: హాలు 20,000, మధ్యాహ్న భోజనం 27,000, టిఫిన్ 6,000, టీ, స్నాక్స్ 3,000, ఫొటో, వీడియో 12,000, ఆరుగురు లెక్చరర్లకి శాలువా, జ్ఞాపిక 9,000, మైకు 5,000, ఫ్లెక్సీ 2,000, చేతిలో 6,000. మీ ఊరి ధరలు కనుక్కుని సర్దుకోండి. చేతిలో ఉంచిన ఆ 6,000 మాత్రం తీసేయకండి. జనరేటరు డీజిలు, లెక్చరర్లకి కారు, క్లీనింగ్ మనుషులు, ఇవన్నీ ఆ రోజే గుర్తొస్తాయి.

ఎవరెంత ఇచ్చారన్న జాబితా గ్రూపులో పెట్టవద్దు. మొత్తం ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, అంతవరకే. ఇవ్వలేనివాళ్ల వాటా సర్దడానికి నలుగురైదుగురు ముందే కొంత ఎక్కువ వేయాలి. ఆ సంగతి లెక్కలు చూసే మనిషికి తప్ప ఎవరికీ తెలియకూడదు. ఇది గట్టిగా పాటించండి. ఒక్క మాట బయటికి పొక్కినా ఆ స్నేహితుడు మళ్లీ రాడు.

తరగతి గది, హాజరు పట్టీ

రోజులో కనీసం ఒక గంట కాలేజీలో గడిపేలా చూడండి. ఆదివారం గేటు తెరవాలంటే ప్రిన్సిపాల్ అనుమతి ఉత్తరం కాపీ వాచ్‌మన్ దగ్గర ఉండాలి. ఏ గది కావాలో ముందే చెప్పి తాళం తీయించి, ఊడ్పించి ఉంచాలి. ఇది మర్చిపోయి వరండాలో ఫొటోలు దిగి వచ్చేసిన బ్యాచ్‌లు ఉన్నాయి.

ఆ గదిలో చేయవలసింది ఒక్కటే. అందరూ పాత బెంచీల్లో కూర్చుంటే, అప్పటి లెక్చరర్ ఒకరు హాజరు తీసుకోవాలి. రోల్ నంబర్ల వరసలో పేర్లను పెద్ద అక్షరాలతో ప్రింటు తీసి వారి చేతికివ్వండి. "ఫోర్టీన్" అనగానే వెనక బెంచీ నుంచి "ఎస్ సార్" అని ఒక యాభై ఏళ్ల గొంతు పలుకుతుంది. ఆ పది నిమిషాలకి సాటి వచ్చే కార్యక్రమం మరొకటి లేదు. చనిపోయినవాళ్ల నంబర్ల పక్కన పట్టీలో గుర్తు పెట్టి, సారుకి ముందే చెప్పాలి. లేకపోతే ఆయన తెలియక రెండోసారి పిలుస్తారు. ఆ నంబర్లను దాటేయకుండా పేరు చదివి, అందరూ ఒక్క క్షణం లేచి నిలబడటం బాగుంటుంది.

లెక్చరర్లను పళ్లు తీసుకుని ఇంటికి వెళ్లి పిలవండి. చాలామంది డెబ్బై దాటినవాళ్లే. మెట్లెక్కగలరా, షుగరు భోజనమా, ఎంతసేపు కూర్చోగలరు, ఇవన్నీ అప్పుడే కనుక్కోవాలి. తీసుకురావడానికి, దింపి రావడానికి ఒక శిష్యుడి పేరు రాసి పెట్టండి. సన్మానం మధ్యాహ్నం భోజనాల లోపే ముగించి, వెళ్దామనుకున్నవాళ్లను పంపించేయండి.

బ్యాడ్జీ, మైకు, భోజనం

బ్యాడ్జీ మీద హోదా వద్దు. కాలేజీలో పిలిచిన పేరు, రోల్ నంబరు, సొంతూరు చాలు. అందరికీ చత్వారం వచ్చిన వయసు కాబట్టి, నాలుగడుగుల దూరం నుంచి కనబడేంత పెద్ద అక్షరాలు వేయించండి. పేరు కోసం బ్యాడ్జీలోకి తొంగి చూడాల్సి వస్తే ఇద్దరికీ ఇబ్బందే.

సగం సమ్మేళనాలు స్వీయ పరిచయాల దగ్గరే పాడవుతాయి. 60 మంది తలా మూడు నిమిషాలు మాట్లాడితే మూడు గంటలు. పైగా మైకు అందుకున్నవాళ్లు మూడు నిమిషాల్లో ఆపరు. ఉద్యోగం, ఇల్లు, పిల్లల ర్యాంకులు వరసగా వినిపిస్తుంటే చెప్పుకోవడానికేమీ లేనివాళ్లు కుర్చీలో కుంచించుకుపోతారు. మైకు తీసేసి, ఎనిమిదేసి కుర్చీలు గుండ్రంగా వేయించండి. గంటకోసారి మనుషులు మారేలా చూడండి. మైకులో చెప్పాల్సి వస్తే ఒకటే ప్రశ్న, ఒకే నిమిషం: "కాలేజీలో ఎక్కడ కూర్చునేదానివి, పక్కన ఎవరు?" పాత ప్రేమల ప్రస్తావన స్టేజీ మీద వద్దని ముందే తేల్చి చెప్పండి. అప్పుడు తమాషాగా ఉన్న మాట ఇప్పుడు ఒకరి ఇంట్లో చిచ్చు పెట్టవచ్చు.

పేర్లిచ్చినవాళ్లు 70 మంది ఉంటే 60కే భోజనం చెప్పి, ఆ ఉదయం 10 గంటల దాకా ఇంకో పది ప్లేట్లు పెంచుకునే వీలు క్యాటరర్‌తో మాట్లాడుకోండి. ఇంట్లో వంటవాళ్ల చేత చేయిస్తే బిర్యానీకి 7 కిలోల బియ్యం, దాదాపు అంతే చికెన్, తెల్లన్నానికి 3 కిలోలు, పెరుగు 7 లీటర్లు సరిపోతాయి. ఇడ్లీ 180, వడ 120. నీళ్లకి 20 లీటర్ల క్యాన్లు ఏడు. డిసెంబరులో అయ్యప్ప మాలలో ఉన్న స్వాములు ఉంటారు, వాళ్లకి ఉల్లి, వెల్లుల్లి లేని వంట వేరే గిన్నెల్లో, వేరే బల్ల మీద ఉండాలి. మందు ఈ రోజుకి వద్దు. తాగేవాళ్లు నలుగురు పక్కకెళ్తే ఆడవాళ్లు మూడింటికే బ్యాగులు సర్దుకుంటారు.

మొదటిసారి కలిసేటప్పుడు కుటుంబాలు లేకుండా కలవడమే మేలు. భార్యో, భర్తో పక్కన ఎవరూ తెలియక కూర్చుంటే మనసంతా అటే లాగుతుంది. ఉదయం 9కి మొదలై సాయంత్రం 5కి ముగిసేలా చూడండి, దూరం వెళ్లేవాళ్లకి బస్సులు దొరుకుతాయి.

పాత ఫొటోలు

జిగురు అట్టల ఆల్బంలో అతుక్కుపోయిన ఫొటోని లాగితే పై పొర ఊడి వచ్చేస్తుంది. ఆల్బంలో ఉండగానే, పైన ప్లాస్టిక్ కాగితం మాత్రం మెల్లగా ఎత్తి, కిటికీ పక్క వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, ఫోన్ సమాంతరంగా పట్టుకుని తీయండి. స్కానర్ ఉంటే 600 డీపీఐ పెట్టండి. వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపితేనే స్పష్టత తగ్గదు. వాటిని గోడకి వరసగా అంటించండి. తెర మీద స్లైడ్లు తిప్పితే నిమిషంలో దాటిపోతాయి, గోడ దగ్గరైతే గుంపులుగా నిలబడి గంటసేపు మాట్లాడుకుంటారు.

వెళ్లిపోయాక

వారంలోపు లెక్కలు, ఫొటోల లింకు పంపండి. ఫేస్‌బుక్‌లో పెట్టేముందు అందులో ఉన్నవాళ్లను అడగాలి. గ్రూపులో రాజకీయాలు, కులం, ఇన్సూరెన్స్ పాలసీలు, చిట్టీలు వద్దన్న నియమం మొదటి రోజే పెట్టండి. ట్రస్టు, స్కాలర్‌షిప్ లాంటి మాటలు ఆ సాయంత్రం ఉద్వేగంలో ప్రకటించకుండా నెల తర్వాత తీరిగ్గా మాట్లాడుకోండి.

రాలేకపోయినవాళ్లకి ఆ వారంలోనే, వాళ్ల పాత బెంచీ మేట్ చేత ఫోన్ చేయించండి. కొత్త గ్రూప్ ఫొటోని పాతదాని కొలతలోనే ప్రింటు వేయించి, అట్టకి అంటించి, కింద వరసల వారీగా పేర్లు రాయించండి, "కూర్చున్నవారు, ఎడమ నుంచి కుడికి" అనే మొదలుపెట్టి. ఒక్కో కాపీ లెక్చరర్ల ఇళ్లకి వెళ్లి ఇవ్వండి, ఇంకోటి కాలేజీ ఆఫీసులో.