లువాంటి ఆటలో కొలత తప్పని సౌరకుటుంబం

బల్ల మీది నమూనాల్లో గ్రహాల మధ్య దూరాలు ఎప్పుడూ తప్పే. అక్కడ చోటు చాలదు. బ్లాకులు పేర్చి కట్టుకునే కంప్యూటర్ ఆట, ఉచితంగా దొరికే లువాంటిలో (2024 దాకా దీని పేరు మైన్‌టెస్ట్) నడిమధ్య నుంచి ఒక్కో వైపు దాదాపు 31 వేల బ్లాకుల నేల ఉంటుంది. ఒక బ్లాకు అంటే ఒక మీటరు. భూమికీ సూర్యుడికీ మధ్య దూరాన్ని 1,000 బ్లాకులు అనుకోండి. అప్పుడు నెప్ట్యూన్ 30,070 దగ్గర, అంచుకు కాస్త ఇవతల పడుతుంది.

ఫ్లాట్ మ్యాప్ (చదునైన నేల), క్రియేటివ్ మోడ్ (బ్లాకులు ఎన్నైనా దొరికే పద్ధతి) ఎంచుకోండి. సున్నా దగ్గర 9 బ్లాకుల వ్యాసంతో సూర్యుణ్ణి కట్టండి. మిగతావన్నీ ఎక్స్ అక్షం మీదే: బుధుడు 387, శుక్రుడు 723, భూమి 1,000, కుజుడు 1,524, గురుడు 5,203, శని సుమారు 9,550, యురేనస్ 19,200. ఆకాశంలో గ్రహాలు ఇలా వరసగా నిలబడవని ప్రదర్శనకు వచ్చే సందర్శకులకు మొదటే చెప్పాలి.

విద్యార్థులు ఎక్కువగా తప్పేది సైజుల దగ్గర. గురుడు 93 సెంటీమీటర్లు, అంటే ఒక్క బ్లాకు. భూమి 8.5 సెంటీమీటర్లే, దానికి బ్లాకు పెడితే పన్నెండింతలు పెరిగిపోతుంది. అక్కడ బోర్డు మాత్రం పాతి, చూసేవాళ్ళ చేతికి నిజం బత్తాయి ఇవ్వండి. చంద్రుడు చిన్న ఉసిరికాయంత, 2.6 మీటర్ల అవతల.

ఈ కొలతలో కాంతి వేగం సెకనుకు 2 బ్లాకులు. ఆటలో మామూలు నడక 4! నడిచే పిల్లలు కాంతిని దాటిపోతున్నారన్నమాట. ఇది వాళ్ళకు అనుభవంలోకి రావాలంటే దారి పొడవునా 120 బ్లాకులకొక మీస్ ల్యాంప్ (ఆటలో వెలిగే దీపం బ్లాకు) పెట్టండి. దీపానికీ దీపానికీ మధ్య కాంతికి ఒక నిమిషం. ఎనిమిది దీపాలు దాటి మరో 40 బ్లాకులు నడిస్తే భూమి. మామూలు సెట్టింగుల్లో చూపు 190 బ్లాకులకు మించదు, సూర్యుడు త్వరగానే కనుమరుగవుతాడు. తర్వాతి దీపం మాత్రం ఎప్పుడూ కనిపిస్తుంది.

భూమికి నాలుగు నిమిషాలకు పైగా, కుజుడికి ఆరు నిమిషాలు దాటి, నెప్ట్యూన్‌కు రెండు గంటలకు పైగా నడవాలి. కుజుడి దాకా నడిపించి, ఆపైన టెలిపోర్ట్ చేయండి, అంటే చోటు అంకెలు ఇచ్చి ఒక్కసారిగా అక్కడికి చేర్చండి. మొదటి నుంచీ టెలిపోర్ట్ చేస్తే మధ్యలోని ఖాళీ ఎవరికీ తెలియదు, ఇంత దూరం కట్టీ ప్రయోజనం ఉండదు. ఆ అంకెల్లో ఎత్తు అంకె నేలకు రెండు బ్లాకులు పైన ఉంచండి, లేదంటే మనిషి మట్టిలో ఇరుక్కుంటాడు. ప్రతి గ్రహం చోటుకూ ముందురోజే ఒకసారి వెళ్ళి రండి. అప్పటికే నేల తయారై ఉంటే ప్రదర్శనలో ఆట ఆగి ఆగి నడవదు.

ల్యాబ్‌లో ఒక కంప్యూటర్‌ను సర్వర్ చేసి, మిగతా కంప్యూటర్లు దాన్ని అందుకునేలా ఫైర్‌వాల్‌లో యూడీపీ 30000 పోర్టు తెరవండి. సందర్శకులకు ఇంటరాక్ట్ (తవ్వే, కట్టే) అనుమతి తీసేయండి, లేకపోతే సూర్యుణ్ణి తవ్వేస్తారు. బోర్డుల మీద తెలుగు వత్తులు, గుణింతాలు విడిపోయి కనబడొచ్చు. ముందే ఒక బోర్డు రాసి చూసి, చెదిరితే అంకెలు మాత్రమే ఉంచి, గ్రహం సంగతులు పక్కన నిలబడ్డ విద్యార్థి చేత నోటితో చెప్పించండి.