ప్రవక్తల గ్రంథాలు చదవడం నేర్చుకుందాం – 3వ పాఠం: ఆమోసు చుట్టూ తిరిగి ఎక్కడికి వచ్చాడు?

ప్రవక్త ఎవరు, ఏ ఊరు, ఏ రాజు కాలం అన్నవి ముందుగా రాసుకోవాలని పోయిన పాఠంలో చెప్పుకున్నాం కదా, ఆమోసు విషయంలో అవన్నీ మొదటి వచనంలోనే దొరుకుతాయి. ఊరు యూదాలోని తెకోవ, పని పశువుల కాపరి, అప్పటికి దేశం రెండు రాజ్యాలుగా ఉంది: దక్షిణాన యూదాకు ఉజ్జియా రాజు, ఉత్తరాన ఇశ్రాయేలుకు రెండో యరొబాము. సుమారు క్రీ.పూ. 760 అనుకోండి. అదే వచనంలో చాలామంది దాటేసే మాట ఇంకోటుంది: అతను చూసిన దర్శనం ఇశ్రాయేలు గురించి. దాని కింద గీత గీసుకోండి.

ఇప్పుడు 1:3 నుంచి 2:16 వరకు ఆపకుండా, పైకి చదవండి, ఒక్కో జనం మీద దేవుని తీర్పు మాట వరసగా వస్తుంది. బైబిల్ వెనక ఉన్న మ్యాపు తెరిచి, పేరు వచ్చినప్పుడల్లా పెన్సిల్‌తో చుక్క పెట్టండి. దమస్కు ఈశాన్యం, గాజా నైరుతి, తూరు వాయవ్యం, ఎదోము ఆగ్నేయం, ఆ తర్వాత యొర్దాను అవతల అమ్మోను, మోయాబు, ఆ తర్వాత దక్షిణాన యూదా. ఇన్ని చుక్కల మధ్య ఇంకా చుక్క పడకుండా మిగిలింది ఇశ్రాయేలు ఒక్కటే, ఎనిమిదో మాట వాళ్ల మీదే.

వింటున్నవాళ్ల వైపు నుంచి ఆలోచించండి. దమస్కు వాళ్లు యొర్దాను అవతల ఇశ్రాయేలు ప్రాంతమైన గిలాదును ఇనుప పనిముట్లతో నూర్చారు, అమ్మోనీయులు సరిహద్దు పెంచుకోవడానికి గర్భిణుల కడుపులు చీల్చారు, వీళ్లకు శిక్ష అంటే ఇశ్రాయేలులో ఎవరు కాదంటారు? మనసులో ప్రతిదానికీ ఆమేన్ అనుకుంటూ వచ్చినవాళ్లకు 2:6 దగ్గర తమ పేరే వినబడుతుంది.

రాతలో కూడా గుర్తులున్నాయి. "మూడు సార్లు నాలుగు సార్లు" అనే మొదలు ఎనిమిదింటికీ ఒకటే. కానీ మొదటి ఏడింటికి రెండు మూడు వచనాలే, ఇశ్రాయేలుకు పదకొండు. ఆ ఏడింటిలోనూ కోటలను కాల్చే అగ్ని ఉంది, ఇశ్రాయేలు దగ్గరకొచ్చేసరికి ఆ అగ్ని మాట లేదు, తీర్పు ఇంకో రూపంలో వస్తుంది. ఒకే మాట పదే పదే వచ్చి ఒక్కచోట మారిపోతే అక్కడ ఆగండి, ప్రవక్తలందరి దగ్గరా పనికొచ్చే అలవాటు ఇది.

నేరాల సంగతి. మోయాబు చేసింది ఎదోము రాజు ఎముకలను సున్నమయ్యేలా కాల్చడం, అందులో నష్టపోయింది ఇశ్రాయేలు కాదు, అయినా దేవుడు లెక్క అడిగాడు. ఇక ఇశ్రాయేలు మీద మోపినవాటిలో యుద్ధ నేరం ఒక్కటీ లేదు: చెప్పుల జోడు కోసం బీదవాణ్ణి అమ్మడం, తాకట్టు పెట్టిన బట్టల మీద బలిపీఠాల పక్కనే పడుకోవడం, జుర్మానా సొమ్ముతో కొన్న ద్రాక్షారసం మందిరంలో తాగడం. తాకట్టు పెట్టుకున్న పై బట్ట పొద్దు గూకేలోగా తిరిగివ్వాలని నిర్గమ 22:26 చెబుతుంది. అంటే వీళ్లు బాకీదారుణ్ణి చలికి వదిలేసి, అతని బట్ట పరుచుకుని భక్తి చేస్తున్నారు!

గాజా అనే పేరు కనబడగానే ఈ అధ్యాయాన్ని ఇవాళ్టి టీవీ వార్తలకు అతికించి, "చూశారా, నెరవేరింది" అనే వీడియోలు తెలుగులో కుప్పలు. నాకు అవి అస్సలు నచ్చవు. ఆమోసు 1:6 మాట్లాడేది మనుషుల్ని చెరపట్టి ఎదోముకు అప్పగించిన ఫిలిష్తీయుల పట్టణం గురించి. పైగా అలా చేసేవాళ్లు దాదాపు ఎప్పుడూ మొదటి అధ్యాయంలోనే ఆగిపోతారు, రెండో అధ్యాయం వరకు రారు.

పరిచర్యలో ఉన్నవాళ్లు ఈ భాగం మీద సందేశం సిద్ధం చేస్తే ముక్కలు చేసి ఎనిమిది ఆదివారాలకు పంచకండి, దెబ్బ పోతుంది. ఒకే సందేశంలో 2:6 వరకు వచ్చి తీరాలి, టైమ్ చాలకపోతే మొదటి ఏడూ చదివి వదిలేయండి, వివరణ అక్కర్లేదు. లోకం ఎంత చెడిపోయిందో చెప్పినంతసేపు సంఘంలో అందరూ తలలూపుతారు, మన సంఘంలో వడ్డీకి ఇచ్చేవాళ్లు, కూలి బాకీ పెట్టేవాళ్లు ఉన్నారా అన్న దగ్గర నిశ్శబ్దం వస్తుంది, పాస్టర్ గారికి కానుకలు తగ్గుతాయన్న టెన్షన్ కూడా రావచ్చు. కానీ వచనాలు ఆగింది అక్కడే.

వచ్చే పాఠానికి హోంవర్క్: 7:10–17 చదవండి. ఈ మాటలు భరించలేక బేతేలు యాజకుడు అమజ్యా రాజుకు ఏమని కబురు పంపాడు, ఆమోసు అసలు మాటల్లో ఏది వదిలేసి పంపాడు? 7:9తో పక్కపక్కన పెట్టి తేడాలు రాసుకుని రండి.